నూకి దించమన్న పాకం

అనగనగా, ఎటు చూసినా చెరకు తోటలే ఉండే ఒక ఊళ్ళో, నూకరత్నం అని ఒక పిల్ల ఉండేది. ఊరి పేరు తేనెలవలస. పిల్లకి ఎనిమిదేళ్ళు. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఎవరికుంటుంది? అందరూ నూకీ అనేవాళ్ళు.

ఊఁ కొట్టు తల్లీ. నువ్వు ఊఁ కొడితేనే కథ నడుస్తుంది.

ఆ ఊళ్ళో వాళ్ళు బెల్లం వండేవాళ్ళు. గానుగలో చెరకు ఆడి, ఆ రసాన్ని మన మంచమంత వెడల్పున్న ఇనప పెనంలో పోసి, కింద చెరకు పిప్పి మంట పెట్టి, రసం చిక్కబడి పాకం అయ్యేదాకా కాచేవాళ్ళు. అది సరిగ్గా ఎప్పుడు దించాలో చెప్పే మనిషిని పాకందారు అనేవాళ్ళు. ఒక్క నిమిషం ముందు దించితే బెల్లం గట్టిపడదు. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడిపోతుంది.

ఆ ఊరి పాకందారు ఎవరనుకున్నావు? నూకి వాళ్ళ తాతే. సింహాద్రి తాత. ఆయన చేతిలో ఒక పొడుగాటి చెక్క తెడ్డు ఉండేది. నలభై ఏళ్ళ పాకం పట్టి అది నల్లగా నిగనిగలాడుతూ ఉండేది.

తాతతో నూకి రోజూ ఒక ఆట ఆడేది. తోటలోకి నడిచేటప్పుడు తాత తన భుజం మీది తువ్వాలు తీసి నూకి కళ్ళకు గంతలు కట్టేవాడు. "ఇప్పుడు చెప్పే, ఎక్కడున్నాం?" అనేవాడు.

"కాళ్ళ కింద మెత్తగా, చల్లగా ఉంది తాతా. ఏటి గట్టెక్కినాం."

"మరిప్పుడో?"

"గంట చప్పుడు దగ్గరికొస్తోంది. మన ఎర్రావు దూడే. కుంటుకుంటూ వస్తోంది."

"మరిప్పుడు?"

నూకి గాలి పీల్చి, "ఆవచేను పూసింది!" అని ఎగిరి గంతేసేది.

అప్పుడు తాత ఆమె నోట్లో ఏదో ఒకటి పెట్టేవాడు. ఓ రోజు ఉసిరికాయ ముక్క, ఓ రోజు లేత చింతచిగురు. ఓ రోజైతే వేపాకు పెట్టాడు చూడు! నూకి ఆ రోజంతా తాతతో పచ్చి. మాట్లాడితే ఒట్టు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. పెనం దగ్గర పాకందారు తప్ప ఇంకెవరూ నోరు మెదపకూడదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎవరూ చెప్పలేదు. చిన్నపిల్లలు కూడా బెల్లం వండే పాక దగ్గరికి వచ్చేసరికి నోటి మీద వేలేసుకునేవాళ్ళు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఏడాదిలో వండిన తొలి బెల్లం దిమ్మ ఆ ఊరి దేవత చల్లమ్మ తల్లికి చెందాలి. పండగ నాడు దీపాలు పెట్టే వేళకి అది తల్లి గడప చేరాలి. అది చేరేదాకా ఊళ్ళో ఇంకెవరూ బెల్లం పొయ్యి వెలిగించకూడదు. దానికోసం మూడు పెనాల రసం పక్కన పెట్టేవాళ్ళు. మూడూ పాడు చేస్తే ఆ పాకందారు తన తెడ్డును తల్లి గడప ముందు పెట్టి, మళ్ళీ ఏనాడూ ముట్టుకోకూడదు.

సింహాద్రి తాతకి నలభై ఏళ్ళలో రెండో పెనంతో పని పడనే లేదు.

ఆ ఏడు ఏమైందంటే, పండగకి రెండు రోజుల ముందు తాత చెరకు మోపు ఎత్తుకుని ఏరు దాటుతూ జారిపడ్డాడు. దెబ్బ తగల్లేదులే, భయపడకు. ఏటి నీళ్ళలో తడిసి, మంచులో నడిచి ఇంటికొచ్చాడు. పొద్దున్నే లేచేసరికి జలుబు పట్టుకుంది. ఎలాంటి జలుబనుకున్నావు! ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయింది. చెవుల్లో హోరు. పెద్దకోడలు ఘాటుగా మిరియాల చారు పెడితే, "ఇదేటమ్మా, వేణ్ణీళ్ళు పోసినావు?" అన్నాడు.

అయినా పండగ రోజు తెల్లారగానే తెడ్డు పట్టుకుని పాకలోకి వచ్చాడు.

మొదటి పెనం పొయ్యి మీదకెక్కింది. నూకి పొయ్యి నోట్లో పిప్పి వేస్తూ కూర్చుంది. పెనానికి అంత దగ్గరగా ఉండేది పాకందారు, పిప్పి వేసే మనిషి, ఇద్దరే. మిగతా ఊరంతా దూరంగా పందిరి కింద నిలబడింది.

రసం కాగింది. మడ్డి పైకి తేలింది. తాత దాన్ని తీసేశాడు. ఆ తర్వాత పచ్చి చెరకు వాసన పోయి తీపి వాసన వచ్చింది. ఆ తర్వాత ఆ తీపి వాసన కమ్మగా మారింది. నూకి తాత వంక చూసింది. తాత తెడ్డు తిప్పుతూనే ఉన్నాడు.

అప్పుడు ఆ కమ్మటి వాసన అంచున సన్నగా, దారప్పోగంత చేదు వాసన తగిలింది.

నూకి చప్పున లేచి నిలబడింది. నోరు తెరిచింది. పెనం దగ్గర మాట్లాడకూడదు కదా? పైగా తాతకి తెలీదా? నలభై ఏళ్ళుగా వండుతున్న మనిషికి తను చెప్పేదేమిటి? నోరు మూసుకుని కూర్చుంది.

తాత పెనం దింపించి పాకాన్ని తొట్టిలో పోసేసరికి అది నల్లగా ఉంది, తారులాగా.

పందిరి కింద ఎవరో "అయ్యో!" అన్నారు. తాత ఆ నల్ల పాకం ముందు కూలబడిపోయాడు.

నూకి పరుగెత్తి ఆయన మెడకు చుట్టుకుని ఏడ్చేసింది. "నాకు మాడు వాసన ముందే తగిలింది తాతా."

"తగిలితే చెప్పలేదేటే?"

"పెనం దగ్గర మాటాడకూడదు కదా!"

తాత ఆమె కన్నీళ్ళు తువ్వాలుతో తుడిచి ఇలా అన్నాడు. "మాటాడకూడదని నేర్పినాను గానీ, ఎందుకో చెప్పలేదు. తప్పు నాదే. పెనం మాటాడతాదే. అది వినపడాలని మనం నోళ్ళు మూసుకోవాలి. అంతేగానీ నీకు తెలిసింది నువ్వు మింగీమని కాదు."

నిద్రొస్తోందా? అయితే ఇటు తిరుగు, దుప్పటి సర్దుతాను. ఆఁ, ఇప్పుడు విను.

అప్పుడు గంగునాయుడు ముందుకొచ్చాడు. ఆయన తాతకి మేనల్లుడు, నూకికి మావయ్య. బలమైన మనిషి, మనసు మంచిది. కానీ గొప్పలు చెప్పుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. తన కళ్ళంటే ఆయనకి మహా గర్వం.

"నువ్వు కూకో మావా. ఏటి అవతల మేకపిల్ల చెవి మీద ఈగ వాలితే, అది ఆడదో మగదో చెప్పగలను నేను. పాకం రంగు చూడలేనా?"

తాత తెడ్డు ఆయన చేతిలో పెట్టాడు. రెండో పెనం ఎక్కింది.

గంగునాయుడు కళ్ళు పత్తికాయల్లా తెరిచి పెనంలోకి చూస్తూ నిలబడ్డాడు. రెప్ప వెయ్యలేదు. మీసం మెలేసి, పందిరి కింద ఉన్నవాళ్ళ వైపు ఓ చూపు చూసి, మళ్ళీ పెనంలోకి చూశాడు.

సూర్యుడు పడమటికి వాలుతున్నాడు. తాటాకు కప్పు సందులోంచి ఏటవాలు ఎండ దిగి సరిగ్గా పెనం మీద పడింది. పెనమంతా బంగారంలా మెరిసిపోయింది.

"ఇదిగో, రంగొచ్చీసింది! దించీండి!"

నూకి చెవులు రిక్కించి వింది. పెనం ఇంకా సలసలమంటోంది. పలచటి రసం చేసే చప్పుడు అది. ఈసారి నూకి ఊరుకోలేదు.

"మావయ్యా, ఉండు! అది ఇంకా నీళ్ళ చప్పుడే చేస్తోంది!"

"పెనం దగ్గర మాటాడకూడదని నీకెవరూ చెప్పలేదా గుంటా?" అని గంగునాయుడు కసిరాడు.

పెనం దించారు. పాకం అచ్చులో పోశారు. చల్లారేదాకా అందరూ చూశారు. అచ్చు తిరగేస్తే దిమ్మ రాలేదు సరికదా, గంగునాయుడి పాదాల మీదకి చిక్కటి జావ జర్రున జారింది. ఎండ పెట్టిన మెరుపుని పాకం రంగనుకున్నాడు పాపం. పిల్లలు పరుగెత్తుకొచ్చి ఆ జావని వేళ్ళతో తీసుకుని నాకేశారు. ఊరి కుక్కపిల్ల ఆయన పాదాలు నాకింది.

"ఈగ ఆడదా మగదా మావయ్యా?" అని ఎవరో కుర్రది కిసుక్కుమంది. గంగునాయుడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక పంచె చెంగుతో పాదాలు తుడుచుకున్నాడు.

ఇక ఒక్క పెనమే మిగిలింది. పొద్దు కూడా అట్టే లేదు.

తాత తన తెడ్డు తీసుకుని రెండు చేతులా కళ్ళకద్దుకున్నాడు. ఇంకాసేపట్లో దాన్ని తల్లి గడప ముందు పెట్టాల్సి వస్తుందేమోనని ఆ నల్లటి చెక్కని నిమిరాడు. ఆ తర్వాత నూకి వైపు తిరిగాడు.

"ఈ పెనం ఇది చూస్తాది," అన్నాడు.

పందిరి కింద గొల్లున మాటలు లేచాయి. "ఓలమ్మో, ఎనిమిదేళ్ళ గుంటా?" "తెడ్డంత పొడుగు కూడా లేదు!" "తల్లి పండగ ఆటలనుకున్నారా?"

తాత చెయ్యెత్తాడు. "దేవుడు మనిషికి లోకం తెలియడానికి ఐదు తలుపులు పెట్టినాడు. కన్ను, చెవి, ముక్కు, నాలిక, ఒంటి మీది చర్మం. నావి ఇయ్యేళ మూడు మూసుకుపోయినాయి. గంగులు ఒకటే తెరిచి, నాలుగు మూసుకున్నాడు. దీనివి ఐదూ తెరిచి ఉన్నాయి. తెడ్డు మేం తిప్పుతాం. మాట దానిది."

గంగునాయుడే ముందుగా వచ్చి తెడ్డుకి రెండో చెయ్యి వేశాడు. "చెప్పు కోడలా. నువ్వేటంటే అదే," అన్నాడు. ఆ మాట అనడం ఆయనకి ఎంత కష్టమో!

నూకి చల్లమ్మ తల్లి గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. "తల్లీ, నేను వండగలనని కాదు, నువ్వు ఇచ్చినవాటితో వింటాను, చూస్తాను. మా తాత తెడ్డు మా తాతకి ఉంచు," అంది.

మూడో పెనం ఎక్కింది. మంట రాజుకుంది. రసం కాగడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది. పొయ్యిలో పొగంతా వెనక్కి కొట్టి పాకలోకి వచ్చేసింది. తెల్లగా, దట్టంగా. పెనం కనబడలేదు. తెడ్డు కనబడలేదు. పక్కనున్న తాత కూడా కనబడలేదు. నూకి కళ్ళు మండిపోయి నీళ్ళు ధారలు కట్టాయి.

"అయిపోయింది. కన్నే లేకపోతే ఇంకేటి చూస్తాం?" అన్నాడు గంగునాయుడు పొగలోంచి.

నూకి ఒక్క క్షణం బెదిరిపోయింది. ఆ తర్వాత ఆమె చేతికి తాత భుజం మీది తువ్వాలు తగిలింది. రోజూ తోట దారిలో కళ్ళకు కట్టించుకునే తువ్వాలు! నూకి ఏం చేసిందో తెలుసా? దాన్ని లాక్కుని తన కళ్ళకి తనే కట్టేసుకుంది.

"అందరూ నిశ్శబ్దంగా ఉండండి. పెనం మాటాడుతోంది," అంది.

ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టింది.

ముందు సలసల అంది పెనం. నూకి కదల్లేదు. చాలాసేపటికి గుబగుబ అంది. నూకి తల అడ్డంగా ఊపింది. ఇంకాసేపటికి చప్పుడు బరువెక్కింది. బుడుక్... బుడుక్... బుడుక్. చిక్కటి ముద్ద ఊపిరి తీసి వదిలినట్టు.

నూకి గాలి పీల్చింది. పచ్చి వాసన లేదు. వేయించిన నువ్వుల్లాంటి కమ్మదనం. చేదుపోగు ఎక్కడైనా ఉందా? లేదు. ఇంకా లేదు.

"దించీమంటావా?" అన్నాడు గంగునాయుడు గుసగుసగా.

"ఉండు మావయ్యా."

తాత తెడ్డు కొసన ఒక్క చుక్క పాకం తీసి చల్లటి నీళ్ళ గిన్నెలో వేశాడు. కాగే పాకాన్ని చేత్తో ముట్టకూడదు తల్లీ, బొబ్బలెక్కుతాయి. చల్లారాకే నూకి వేళ్ళతో తడిమింది. చుక్క పలచగా జారిపోయింది. రెండో చుక్క వేశాడు. అది చెవి తమ్మెలాగా మెత్తగా నొక్కుకుంది. నాలుక మీద పెట్టుకుంది. తీపి ఉంది, కానీ ఆ తీపి చివర చెరకు గణుపు కొరికినప్పటి పచ్చిదనం.

"ఇంకొంచెం."

బయట పందిరి కింద ఎవరో "దీపాల వేళ అయిపోతోంది" అని గొణిగారు. నూకి ఆ గొణుగుడు వింది. కానీ మాట మార్చలేదు.

మూడో చుక్క వేశాడు. నూకి వేళ్ళ మధ్య అది గచ్చకాయలా గుండ్రంగా, గట్టిగా నిలిచింది. నోట్లో వేసుకుంది. పచ్చిదనం పోయింది. ఇంకో చుక్కని ముద్ద చేసి ఇత్తడి పళ్ళెం మీదికి విసిరింది.

టంగ్!

అప్పుడు, ఆ తల్లి దయ చూడు, గాలి మళ్ళీ తిరిగింది. పొగ తెర తొలిగినట్టు పక్కకు పోయింది. నూకి గంతలు విప్పింది. పెనంలో పాకం కొత్త పసుపు ముద్ద రంగులో, పువ్వులు పువ్వులుగా విచ్చుకుంటోంది. ఎండ లేదు, మాయ లేదు. అది పాకం సొంత రంగే.

కన్ను కూడా అవునంది.

"దించండి!" అని నూకి అరిచిన అరుపుకి పాక పైన కొంగలు లేచి ఎగిరిపోయాయి.

ఎనిమిది చేతులు పెనం పట్టి దించాయి. పాకం తొట్టిలో పోశారు. తెడ్డుతో తిప్పారు. అచ్చులో పోశారు. ఆడవాళ్ళంతా చేటలు తెచ్చి ఆ దిమ్మకి విసరడం మొదలుపెట్టారు. చేటలు చాలనివాళ్ళు కొంగులతో విసిరారు. నూకి వేలితో నొక్కి చూసింది. మెత్తన. మళ్ళీ నొక్కింది. గట్టిపడుతోంది. మూడోసారి నొక్కింది. రాయి!

గంగునాయుడు దిమ్మని తలపాగా మీద పెట్టుకున్నాడు. నూకిని భుజానికెత్తుకున్నాడు. పరుగో పరుగు. ఆయన వెనక ఊరు. ఊరి వెనక కుక్కపిల్ల.

గుడి దగ్గర ఎర్రమ్మ అవ్వ వత్తి వేసిన ప్రమిద పట్టుకుని నిలబడి ఉంది. ఏటా దిమ్మని పరీక్షించి తల్లికి అప్పగించేది ఆ అవ్వే. అగ్గిపుల్ల ఆమె చేతిలోనే ఉంది, ఇంకా గియ్యలేదు.

అవ్వ దిమ్మని గడప మీద పెట్టించింది. వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టింది.

ఖంగ్!

గుడి గంటకి ఆ చప్పుడు తగిలి అదీ సన్నగా మోగిందని తేనెలవలస వాళ్ళు ఇప్పటికీ చెబుతారు. అవ్వ ముసిముసిగా నవ్వి, అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించింది. "తల్లి పుచ్చుకుంది. వెళ్ళండి, పొయ్యిలు ముట్టించుకోండి," అంది.

ఇంకేముంది! ఒక పొయ్యి, దాని పక్కన ఇంకో పొయ్యి, ఆ పక్కన ఇంకోటి. తోటల మధ్య పొయ్యిలన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. డప్పులు మోగాయి. గంగునాయుడు నూకిని భుజం మీద నుంచి దించనే లేదు. "మా కోడలే! చేటంత లేదు, ఊరు గెలిచింది!" అంటూ వీధి వీధి తిప్పాడు.

సింహాద్రి తాత తెడ్డు భుజాన వేసుకుని గుడి మెట్ల మీద కూర్చున్నాడు. అవ్వ ఆయనకి ప్రసాదం పెట్టింది. తాత నోట్లో వేసుకుని, నూకిని దగ్గరికి పిలిచి చెవిలో అడిగాడు. "నాకు రుచి తెలీట్లేదే. ఎలాగుంది?"

నూకి తన ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. "ముందు మెత్తగా కరుగుతోంది తాతా. తర్వాత తీపి. ఆ తర్వాత గొంతులో ఒక వెచ్చదనం. చివరికి ఆవచేను పక్కనించి నడిచినట్టుంది."

తాత కళ్ళు తుడుచుకుని, "చాలే. తిన్నట్టే ఉంది," అన్నాడు.

ఆ తర్వాత తేనెలవలసలో కట్టుబాటు కొంచెం మారింది. పెనం దగ్గర ఇప్పటికీ అందరూ నోరు మూసుకునే ఉంటారు, వినడానికి. కానీ మాడు వాసన ఎవరికి ముందు తగిలితే వాళ్ళు గట్టిగా అరవాలి. ఎంత చిన్నవాళ్ళయినా సరే. చిన్నవాళ్ళయితే ఇంకా గట్టిగా అరవాలి.

ఇక పడుకో తల్లీ.

కంటికి కునుకొచ్చె, చెవికి జోలొచ్చె,
ముక్కుకి పొగ పోయి ఆవపూ తావొచ్చె,
నాలిక చివరికి నలుసంత తీపొచ్చె,
చేతికి అమ్మమ్మ చీరకొంగొచ్చె,
కంచికి కథ పోయె, ఇంటికి మనమొచ్చె!